అప్‌డేట్: కుట్టుమిషన్ స్టాండ్ టేబుల్ అయిపోయింది

తుప్పు పట్టిన కాలి కుట్టుమిషన్ స్టాండ్ పాత ఇనుపసామాన్లోడికి వేసేయాలా, ఇంట్లో ఏమైనా చేసుకోవచ్చా అని అడిగా కదా, హాల్లో కిటికీ పక్కన టేబుల్‌గా పెట్టేశాం. మీరు చెప్పినట్టే వైర్ బ్రష్‌తో గీకి, 80 నంబర్ గరుకు ఎమరీ పేపర్, తర్వాత 220 నంబర్ సన్నది కొట్టి, తుప్పు పట్టకుండా ముందు వేసే రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ ఆరాక నల్ల ఎనామిల్ వేశాం, పోత ఇనుము కదా, ఆ డిజైన్ సందుల్లో తుప్పు తీసేసరికి ప్రాణం పోయింది, పాత టూత్‌బ్రష్షులే దిక్కు. పైన గ్లాస్ వేయమన్నారు గానీ పిల్లలున్న ఇల్లు, వంటింటి రిపేర్‌లో తీసేసిన కడప బండ వేశాం. అది సున్నపురాయి జాతి, నిమ్మరసం, చింతపండు పడితే మచ్చ ఉండిపోద్ది, చూసుకోండి. కింద తొక్కే పలక వైరుతో కట్టేశాం, లేకపోతే మా చిన్నోడు కూర్చున్నంతసేపూ తొక్కుతూనే ఉంటాడు. మిషన్ తల మాత్రం అమ్మ ఇవ్వనంటోంది, అదో గొడవ.