ఎడమ చెవికి క్లిక్కు, కుడివైపు ట్రాకు: ఒక్క ఫోన్‌తో స్టేజి నడపొచ్చా?

కావలి కీబోర్డు:
మాది ఆరుగురి ఆర్కెస్ట్రా. పెళ్ళిళ్ళు, తిరునాళ్ళు. వయొలిన్లు, కోరస్ పాడే మనుషులు లేరు కాబట్టి ఆ భాగాలు ముందే రికార్డు చేసిన ట్రాకులో పెట్టుకుంటాం. ప్యాడ్స్ వాయించే తమ్ముడికి క్లిక్కు, అంటే తాళం తప్పకుండా టిక్ టిక్ అని కొట్టే శబ్దం, వినపడాలి, జనానికి వినపడకూడదు. అందుకని ఎడిటింగులో క్లిక్కుని పూర్తిగా ఎడమకి, మ్యూజిక్కుని మోనో చేసి (రెండు వైపులనీ ఒకటిగా కలిపి) పూర్తిగా కుడికి తోసి ఫోన్లో వేసుకున్నా. ఫోన్‌కి పెట్టే స్టీరియో పిన్ను, అవతల రెండు పి-38 (పావు అంగుళం లావు) మోనో పిన్నులు ఉన్న కేబులు కొన్నాం. కుడిది మిక్సర్‌కి, ఎడమది తమ్ముడి హెడ్‌ఫోన్‌కి. పోయిన వారం ఒక పెళ్ళిలో వాడితే సౌండ్ ఆయన "పాటని సగానికి నరికి తెచ్చారు, ఇది పద్ధతి కాదు" అన్నారు. తమ్ముడికేమో ఒక్క చెవిలోనే వినపడింది. నిజంగా ఇది తప్పు పద్ధతా? మీలో ఎవరన్నా చేస్తున్నారా?

గూడూరు డ్రమ్స్:
తప్పే అన్నా. నేను రెండేళ్ళు అట్టనే చేసి మానేశా. నాలుగు అవుట్‌పుట్ల ఆడియో కార్డు, పాత ల్యాప్‌టాప్ పెట్టుకున్నా. 1, 2 స్టేజికి స్టీరియోలో పోతాయి. 3లో క్లిక్కు, 4లో "రెండో చరణం" అని ముందే చెప్పే గొంతు. నీ పద్ధతిలో పెద్ద లోటు ఏందంటే, వాయించేవాడికి క్లిక్కు తప్ప ఇంకేం వినపడదు. వయొలిన్లు ఎక్కడ ఎత్తుకుంటాయో తెలీకుండా టిక్ టిక్ మీద ఎంతసేపు వాయిస్తాడు? ఇంకోటి, మోనో చేస్తే కొన్ని కోరస్‌లు సన్నబడిపోతాయి. వెడల్పుగా వినపడాలని ఎడమా కుడీ ఫేజు తిప్పి, అంటే ఒకవైపు శబ్ద తరంగాన్ని తలకిందులు చేసి పెట్టినవి కలిపితే ఒకదాన్నొకటి తినేస్తాయి. మా పాట ఒకదాంట్లో కోరస్ దాదాపు మాయమైంది, స్టేజి ఎక్కినాకే తెలిసింది.

ఒంగోలు సౌండ్:
తమ్ముడూ, స్టీరియో పోయిందనే బాధ నాకు లేదు. తిరునాళ్ళలో ఎడమ బాక్సులకీ కుడి బాక్సులకీ మధ్య నలభై అడుగులు ఉంటది. ఎడమవైపు కూర్చున్న ముసలమ్మకి కుడి బాక్సులో వయొలిన్ ఏం వినపడుద్ది? అందుకే నేను అన్నీ మోనోలోనే నడుపుతా. ఆ పెళ్ళి సౌండ్ ఆయన మాట నేను ఒప్పుకోను.

నా భయం వేరే. అద్దంకి వైపు ఒక తిరునాళ్ళలో ఇట్టాంటి ట్రాకే. ఫోన్ ఛార్జింగ్ అయిపోతే పాటగాడు తన ఫోన్ ఇచ్చాడు. దాంట్లో మోనో ఆడియో అనే సెట్టింగ్ ఆన్‌లో ఉంది. అది ఆన్‌లో ఉంటే ఫోన్ రెండు వైపులనీ కలిపి రెండిటికీ ఒకటే పంపుద్ది. అమ్మవారి పాట, మెల్లగా ఎత్తుకున్నారు, జనమంతా నిశ్శబ్దంగా ఉన్నారు. ఒక్కసారిగా నా బాక్సుల్లోంచి టక్ టక్ టక్. నేను ఫేడర్ (మిక్సర్ మీద సౌండ్ పెంచి తగ్గించే మీట) కిందికి లాగేలోపల పాటగాడు పాట ఆపేశాడు. చేతులు వణికాయి నాకు. ఇన్నేళ్ళ పనిలో అంత తలవంపు ఎప్పుడూ పడలా. కేబులు మంచిదే, మనుషులూ మంచోళ్ళే, ఒక్క స్విచ్ చూసుకోలేదంతే.

కందుకూరు చర్చి గిటార్:
మేము ఆదివారం ఆరాధనలో మూడేళ్ళుగా ఒక్క ఫోన్‌తోనే చేస్తున్నాం. గూడూరు అన్న చెప్పిన లోటు ఉన్న మాటే, కానీ దానికి కార్డు అక్కర్లేదు. ఎడమవైపు క్లిక్కు ఒక్కటే ఉండాలని ఎవరన్నారు? మేము ఎడమలో క్లిక్కు, దాని కింద మ్యూజిక్ కొంచెం తగ్గించి, "చరణం, రెండు, మూడు, నాలుగు" అని నా గొంతు, మూడూ కలిపి పెడతాం. కుడిలో మ్యూజిక్ ఒక్కటే. జనానికి పోయేది కుడి కాబట్టి ఎడమలో ఏం పెట్టుకున్నా మన ఇష్టం.

ఒక్క చెవి సంగతి. స్టీరియో పిన్ను కొస ఎడమ, మధ్య రింగు కుడి, అడుగు భాగం ఎర్త్. మోనో పిన్నుకి రింగు ఉండదు, అందుకే కుడి చెవి మూగబోయింది. నేను ఒక చిన్న డబ్బాలో స్టీరియో సాకెట్ బిగించి, కొస ట్యాగుకీ రింగు ట్యాగుకీ మధ్య అగ్గిపుల్లలో సగమంత తీగ ముక్క పెట్టి సోల్డర్ చేశా. వచ్చే ఎడమ సిగ్నల్ ఆ రెండిటికీ పోద్ది. ఆ కలపడం హెడ్‌ఫోన్ వైపే చేయాలి. ఫోన్ వైపు ఎడమా కుడీ కలిపితే రెండు అవుట్‌పుట్లు ఒకదాని మీద ఒకటి తోసుకుంటాయి, క్లిక్కు మిక్సర్‌కీ పోద్ది.

ఇంకోటి నేను ఆలస్యంగా తెలుసుకున్నా. అన్నీ సరిగ్గానే ఉన్నా మెల్లటి పాటల్లో క్లిక్కు సన్నగా బాక్సుల్లోకి కారేది. కారణం ఎర్త్ తీగ. రెండు వైపులకీ అది ఉమ్మడి. ఒక్కోటి 32 ఓముల నిరోధం ఉన్న హెడ్‌ఫోన్ చెవులు రెండూ ఒకే సిగ్నల్ మీద పెడితే 16 ఓములు అయితాయి. నాసిరకం కేబుల్లో ఎర్త్ అర ఓము ఉన్నా క్లిక్కులో దాదాపు 3 శాతం అవతలి వైపుకి దాటుద్ది, అంటే అసలు క్లిక్కు కంటే 30 డెసిబెల్స్ తక్కువే. పాట హోరులో తెలీదు, ప్రార్థన ముందు తెలుస్తది. అందుకని హెడ్‌ఫోన్‌ని నేరుగా ఫోన్‌కి తగిలించడం మానేసి మధ్యలో చిన్న హెడ్‌ఫోన్ ఆంప్లిఫైయర్ పెట్టాం. దాని ఇన్‌పుట్ వేల ఓములు, ఎర్త్‌లో కరెంటు దాదాపు ఉండదు. ఆ రోజు నుంచి కారడం ఆగింది.

గూడూరు డ్రమ్స్:
కారడం గురించి నాకు తెలీదన్నా, మంచి మాట చెప్పినావు. అయినా ఫోన్ మీద నమ్మకం లేదు నాకు. పాట మధ్యలో కాల్ వస్తే?

కందుకూరు చర్చి గిటార్:
సిమ్ లేని పాత ఫోన్, ఎయిర్‌ప్లేన్ మోడ్. అందులో పాటలు తప్ప ఇంకేం లేవు.

నెల్లూరు సంతపేట గాయని:
మీరంతా పిన్నుల గురించే మాట్లాడుతున్నారు, ఆ చెవుల గురించి ఒక్క మాట. మా తమ్ముడు పద్నాలుగో ఏట నుంచి ప్యాడ్స్ వాయిస్తుండాడు. పక్కన డోలు, వెనక బాస్ బాక్సు, అందుకని క్లిక్కు పెంచుతానే ఉంటాడు. ఇప్పుడు ఇంట్లో అమ్మ పిలిస్తే రెండోసారి పలుకుతాడు. అమెరికాలో పని చోట్ల చెవుల రక్షణకి నియోష్ అనే సంస్థ చెప్పే కొలత ఇది: 85 డెసిబెల్స్ అయితే రోజుకి 8 గంటలు. 3 పెరిగిన ప్రతిసారీ టైము సగం. 100కి వచ్చేసరికి 15 నిమిషాలే. మన ప్రోగ్రాములు నాలుగు గంటలు. దయచేసి చెవులు పూర్తిగా మూసే హెడ్‌ఫోన్లు పెట్టించండి, బయటి హోరు తగ్గితే క్లిక్కు పెంచాల్సిన పని ఉండదు. ఆ పదునైన టిక్ బదులు గజ్జె లాంటి మెత్తటి శబ్దం పెట్టినా తాళం తెలుస్తాది.

ఇంకో మాట, పాడేదాన్ని కాబట్టి. పల్లవి ముందు నేను ఒక ఊపిరి ఎక్కువ తీసుకుంటే ట్రాకు నా కోసం ఆగదు. అన్ని పాటలకీ పెట్టొద్దు. ఆలాపన ఉన్నవి వాయించేవాళ్ళకే వదిలేయండి.

కావలి కీబోర్డు:
అక్కా, ఆ చెవుల మాట నేను అసలు ఆలోచించలా. తమ్ముణ్ణి ఈ వారంలోనే చెవి డాక్టర్ దగ్గరికి తీసుకుపోతా. గూడూరు అన్నా, కార్డు కొనే స్తోమత ఈ సీజన్‌కి లేదు. శనివారం బుచ్చిరెడ్డిపాళెంలో పెళ్ళి ఉంది. ఎడమలో మ్యూజిక్, గొంతు కూడా కలిపి మళ్ళీ చేశా, కోరస్ పోకుండా మోనోలో విని చూశా. పన్నెండు పాటల్లో ఏడింటికే ట్రాకు. హెడ్‌ఫోన్ ఆంప్లిఫైయర్ అడిగి తెచ్చుకుంటున్నా.

ఒంగోలు సౌండ్:
పాటలు ఫోన్లోకి కుదించని వేవ్ ఫైళ్ళుగానే ఎక్కించు. బాగా కుదించిన ఎంపీ3లో రెండు ఛానళ్ళూ కలగలిసే ప్రమాదం ఉంది. మిక్సర్‌కి వచ్చే పిన్నుకి ఎర్ర టేపు చుట్టు, సౌండ్ వాళ్ళకి ఎరుపంటే కుడి అని అలవాటే. జనం రాకముందు మొదటి పాట పెట్టి, నీ ఫేడర్ ఒక్కటే పైకి లేపమను. నువ్వు దిగి బాక్సు ముందు నిలబడి విను. టక్ అని ఒక్కటి కూడా వినపడకపోతేనే పాటగాణ్ణి పైకి పిలువు. మధ్యలో ఫోన్ మారిస్తే ఇదంతా మళ్ళీ మొదట్నించి.

గూడూరు డ్రమ్స్:
నేను నా కార్డు మీదే ఉంటా. శనివారం నేను ఖాళీనే, బుచ్చికి వస్తా. కార్డు సంచిలో పెట్టుకుని వస్తా, అవసరమైతే వాడుకో.