మోకాల్లో ఏసీఎల్ (ఎముకలను కట్టి ఉంచే లిగమెంట్) తెగితే ఆపరేషన్ తప్పదా? కబడ్డీ ఆడినవాళ్లు చెప్పండి

బోనస్‌లైన్:
నాకు 23 ఏళ్లు, తెనాలి దగ్గర పల్లె. సంక్రాంతి టోర్నమెంటులో కూతకెళ్లి వెనక్కి తిరుగుతుంటే కార్నర్‌లో ఉన్నవాడు చీలమండ పట్టాడు. పాదం మ్యాట్‌కి అతుక్కుపోయింది, ఒళ్లు మాత్రం తిరిగిపోయింది. మోకాల్లో టక్కుమంది. గంట తిరక్కుండా బూరెలా ఉబ్బింది. ఎమ్మారైలో ఏసీఎల్ పూర్తిగా తెగింది, మెనిస్కస్‌కి (ఎముకల మధ్య ఉండే మెత్తటి దిండుకి) దెబ్బ లేదు అని వచ్చింది. ఒక డాక్టర్‌గారు వెంటనే ఆపరేషన్ చేయాలి, లక్షా డెబ్బై వేలవుతుంది అన్నారు. ఇంకొకాయన మూడు నెలలు ఎక్సర్‌సైజులు చేసి రమ్మన్నారు. అమ్మేమో పుత్తూరు కట్టు అంటోంది. నెలైంది, వాపు తగ్గింది, నడుస్తున్నా. నాకు మళ్లీ ఆడాలి. ఎవరి మాట వినను?

మట్టికోర్టు:
ఇందులో ఆలోచించడానికేముంది తమ్ముడూ, ఆపరేషనే. ఇరవై ఏళ్లుగా స్కూలు పిల్లలకు కబడ్డీ నేర్పిస్తున్నా. ఏసీఎల్ లేకపోయినా నడవొచ్చు, పొలం పని చేసుకోవచ్చు, తిన్నగా పరుగెత్తొచ్చు కూడా. ఒంటికాలి మీద గిర్రున తిరగడం వేరు. అప్పుడు కింది ఎముక ముందుకు జారకుండా పట్టి ఉంచేది ఆ తాడే. పుల్లెల గోపీచంద్‌కి 1994లో మోకాలి లిగమెంట్ పోయింది. ఆపరేషన్లు చేయించుకునే 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్ కొట్టాడు.

గోడకుర్చీ:
నేను ఫిజియోని. మట్టికోర్టు గారూ, 1994కీ 2001కీ మధ్య ఏడేళ్లున్నాయి. అన్నేళ్లూ ఆయన్ని నిలబెట్టింది కత్తి ఒక్కటేనా?

స్వీడన్‌లో 18 నుంచి 35 ఏళ్ల లోపు 121 మంది మీద చేసిన పరీక్ష ఫలితాలు 2010లో వచ్చాయి. సగం మందికి మొదట్లోనే ఆపరేషన్. మిగతావాళ్లకు ముందు ఎక్సర్‌సైజులు, మోకాలు నిలవకపోతేనే ఆపరేషన్. రెండేళ్ల తర్వాత చూస్తే నొప్పిలోగానీ ఆటలోగానీ రెండు గుంపులకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. రెండో గుంపులోని 59 మందిలో అప్పటికి ఆపరేషన్‌కి వెళ్లింది 23 మందే.

మట్టికోర్టు:
సగం చెప్పి ఊరుకోకండి మేడమ్. ఐదేళ్లకు ఆ 23 కాస్తా 30 అయింది. ప్రొఫెషనల్ ఆటగాళ్లను అందులో చేర్చుకోనే లేదు. బ్రిటన్‌లో 316 మంది మీద చేసిన పరీక్ష 2022లో వచ్చింది. దెబ్బ పాతదై మోకాలు జారుతున్నవాళ్లకు ఆపరేషనే మేలని అందులో తేలింది. జారిన ప్రతిసారీ మెనిస్కస్ నలగొచ్చు. ఇవాళ బాగున్నది వచ్చే సంక్రాంతికి ఉంటుందా? తమ్ముడు ఆడేది క్యారమ్స్ కాదు.

డల్లాస్ బావ:
నాకు 2019లో తెగింది. ఆపరేషన్ లేదు. సైకిల్, జాగింగ్, వారాంతం పిల్లలతో ఈత, అన్నీ నడుస్తున్నాయి. వాలీబాల్ మానేశా. మానేసినందుకు బాధ లేదు, కానీ నాకు 41, నీకు 23.

చిత్తూరోడు:
పుత్తూరు కట్టుని తేలిగ్గా తీసేయకండి. మా నాన్న చెయ్యి విరిగితే అక్కడి కట్టుతోనే అతికింది.

గోడకుర్చీ:
అతికింది ఎముక అండీ. సరిగ్గా కూర్చోబెట్టి కదలకుండా ఉంచితే ఎముకకు అతుక్కునే గుణం ఉంది. ఏసీఎల్ ఉండేది కీలు మధ్యలో, జిగురు నీళ్లలో. రక్తం గడ్డకట్టి తెగిన కొసలను కలపడం అక్కడ కష్టం, చాలామందిలో అతకదు. నెలన్నర కట్టేసి ఉంచితే తొడ కండ కరిగిపోతుంది, మోకాలు బిగుసుకుంటుంది. అమ్మగారికి ఈ ముక్క నెమ్మదిగా చెప్పు తమ్ముడూ, కట్టువాళ్లను తిట్టకు.

రెండోసారి:
ఇక్కడ ఆపరేషన్ ఔనా కాదా అనే కొట్టుకుంటున్నారు, తర్వాతి సంగతి ఎవరూ ఎత్తడం లేదు. నాకు ఆపరేషన్ అయింది. తొడ వెనక నరం తీసి (హ్యామ్‌స్ట్రింగ్, నిజానికి నరం కాదు, మనం అలా అంటాం) కొత్త లిగమెంట్ వేశారు. పని చక్కగా చేశారు, వాళ్లను అననక్కర్లేదు. డిశ్చార్జ్ రోజు బొమ్మలున్న కాగితం ఒకటి చేతిలో పెట్టి పంపారు. నెల చేశా. నొప్పి పోయింది, మానేశా. ఐదున్నర నెలలకు 'ఫిట్ అయిపోయా' అని బ్యాడ్మింటన్ కోర్టులో దిగా. మూడో రోజు, ఎవరూ తగల్లేదు, గాల్లోంచి దిగుతుంటే మళ్లీ అదే టక్. రెండో ఆపరేషన్‌కి ఇంట్లో డబ్బు అడగడానికి మొహం చెల్లలేదు.

మట్టికోర్టు:
ఇది మాత్రం నిజం. నా పిల్లల్లో ఇద్దరికి ఇలాగే అయింది. టోర్నమెంటుకి టైమవుతోందని దింపేశాం. నా తప్పూ ఉంది.

గోడకుర్చీ:
నార్వేలో 2016లో గమనించింది కూడా ఇదే. తొమ్మిది నెలల లోపు దిగినవాళ్లలో మళ్లీ దెబ్బలు ఎక్కువ. ఒక్కో నెల ఆగినకొద్దీ ప్రమాదం దాదాపు సగానికి తగ్గుతూ వచ్చింది, తొమ్మిదో నెల దాకా. నెలలు గడిస్తే చాలదు, దెబ్బ తగిలిన కాలి బలం రెండోదానిలో కనీసం 90 శాతానికి రావాలి. ఒంటికాలి గెంతులో దూరం కూడా అంతే.

మట్టికోర్టు గారితో నా గొడవ ఆపరేషన్ మీద కాదు, 'వెంటనే' అన్న మాట మీద. కబడ్డీకే తిరిగి వెళ్లాలంటే నువ్వు చివరికి ఆపరేషన్‌కే వెళ్లొచ్చు. అయితే బిగుసుకున్న మోకాలికి చేస్తే ఆ బిగువు తర్వాతా వదలదు. పూర్తిగా చాపడం, తొడ బలం, ఇవి ముందు రావాలి. అంటే వచ్చే ఆరు వారాల పని ఎటు వెళ్లినా ఒక్కటే. ఈలోగా మెట్లు దిగుతుంటేనో మలుపులోనో మోకాలు జారిందా, తేదీ రాసిపెట్టుకో. ఆ పుస్తకం పట్టుకుని రెండో డాక్టర్‌గారి దగ్గరికెళ్లు.

ఇప్పుడు ఒక పని చెయ్యి. మోకాలి చిప్ప పైనుంచి పది సెంటీమీటర్లు కొలిచి గీత పెట్టు. టైలరు టేపుతో రెండు తొడలూ చుట్టూ కొలిచి చెప్పు.

బోనస్‌లైన్:
ఎడమ 48. దెబ్బ తగిలిన కుడిది 45. నేను తప్పు పట్టానంటూ అమ్మ టేపు లాక్కుని మళ్లీ కొలిచింది. 44న్నర వచ్చింది.