వదిలేదంతా కార్బన్ డయాక్సైడేనా? మా పాప ప్రశ్న

పర్లాకిమిడి నాన్న:
మా పాప ఏడో తరగతి, ఒడియా మీడియం. పుస్తకంలో ఫుస్‌ఫుస్, ఇంట్లో ఊపిరితిత్తులు. నిన్న అన్నం దగ్గర అడిగింది: "పీల్చేది ఆక్సిజన్, వదిలేది కార్బన్ డయాక్సైడ్ కదా. మరి నీళ్లలో పడ్డవాళ్ల నోట్లోకి ఊదితే చెడ్డగాలి ఊదినట్టే కదా నాన్నా?" ముందు తిను అన్నాను. ఎవరైనా చెప్పండి బాబూ.

బరంపురం మాస్టారు (రిటైర్డ్):
తప్పు పాపది కాదు, పుస్తకంలో బొమ్మది. రెండు బాణాలు గీసి వదిలేస్తారు. పీల్చే గాలిలో ఆక్సిజన్ దాదాపు 21 శాతం. వదిలే గాలిలోనూ ఇంకా 16 శాతం దాకా ఉంటుంది, కార్బన్ డయాక్సైడ్ 4 శాతమే. నైట్రోజన్ వెళ్లింది వెళ్లినట్టే తిరిగొస్తుంది. ప్రాణం నిలపడానికి ఆ 16 చాలు. పైగా మామూలుగా అర లీటరు గాలి పీలిస్తే అందులో 150 మిల్లీలీటర్ల దాకా గొంతులో, గొట్టాల్లోనే ఆగిపోయి, మారకుండానే బయటికొస్తుంది. వాయువుల మార్పిడి జరిగేది ఊపిరితిత్తుల చివరనుండే చిన్న గాలి గదుల్లోనే. ఆ గదికీ రక్తానికీ మధ్య గోడ వెంట్రుకలో వందో వంతు మందం కూడా ఉండదు. ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికి వాయువు దానంతటదే పోతుంది.

రాయగడ కుర్రాడు:
ఊపిరితిత్తి అన్న మాటలోనే తిత్తి ఉంది మాస్టారూ. మా తాతది కొలిమి. తిత్తి తనంతట తాను ఊదదు, ఎవరో లాగాలి. ఇక్కడ లాగేది ఊపిరితిత్తుల కిందుండే కండరం, డయాఫ్రం, అంతే కదా?

బరంపురం మాస్టారు:
అంతే. అది కిందికి దిగితే గాలి లోపలికి వస్తుంది.

పొట్టంగి కోడలు:
నాదో అనుభవం. మూడేళ్ల క్రితం పుష్యమాసం చలికి బొగ్గుల కుంపటి గదిలో పెట్టుకుని, తలుపులు బిగించి పడుకున్నాం. తెల్లవారుజామున నాకు తలపోటు, వాంతి. అత్తయ్య పిలిస్తే పలకలేదు. కరోనా అప్పుడు కొన్న ఆక్సీమీటర్ వేలికి పెడితే 98! "ఆక్సిజన్ బానే ఉంది, కడుపులో గ్యాస్ అయ్యుంటుంది" అని మా ఆయన మళ్లీ దుప్పటి కప్పుకున్నారు. పక్కింటావిడ వచ్చి తలుపులు తీసి, అత్తయ్యని వరండాలోకి ఈడ్చుకొచ్చింది. ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టాక మధ్యాహ్నానికి తేరుకున్నారు. ఆ 98 ఏమిటో నాకిప్పటికీ అర్థం కాలేదు.

బరంపురం మాస్టారు:
అది మూసిన గదిలో బొగ్గులు కాలితే పుట్టే కార్బన్ మోనాక్సైడ్ పని అమ్మా, డయాక్సైడ్ కాదు. రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్‌ని మోసే హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ముందే బస్సెక్కి సీటు మీద తువ్వాలు వేసినట్టు. ఆక్సీమీటర్ వేలిలోంచి కాంతి పంపి రక్తం రంగును బట్టి లెక్క వేస్తుంది. మోనాక్సైడ్ పట్టిన రక్తమూ ఎర్రగానే ఉంటుంది. సీటు నిండిందని చూస్తుంది, కూర్చున్నదెవరో చూడదు. ఆయాసం కూడా పెద్దగా రాదు. మెదడు ఆక్సిజన్ తగ్గడం కన్నా కార్బన్ డయాక్సైడ్ పెరగడాన్నే ఎక్కువ పట్టించుకుంటుంది. అందుకే నిద్రలోనే పోతారు. ఆ పక్కింటావిడకి చీర పెట్టారా?

పొట్టంగి కోడలు:
పెట్టాం. ఆ కుంపటి ఇప్పుడు తులసికోట పక్కన ఉంది.

పర్లాకిమిడి నాన్న:
పాపకి అంతా చెప్పాను, నమ్మలేదు. మా అమ్మ కిళ్లీ సున్నం గ్లాసు నీళ్లలో కలిపి, తేరాక పైతేట వేరే గ్లాసులోకి వంచాం. స్ట్రాతో ఊదితే (పీల్చొద్దని ముందే చెప్పాను) అందులోని కార్బన్ డయాక్సైడ్‌కి సున్నపు తేట నెమ్మదిగా పాలలా తెల్లబడింది. "నాలుగు శాతానికే ఇంతా!" అంది. నాలుగు గ్లాసులయ్యాయి. మా అమ్మ సున్నం డబ్బా వెతుక్కుంటోంది.