జూనియర్ బ్యాడ్మింటన్ టోర్నీల ఖర్చు ఎలా తట్టుకుంటున్నారు?

అందరికీ నమస్కారం. మాది ఖమ్మం. మా అమ్మాయి అండర్-15 బ్యాడ్మింటన్ ఆడుతుంది. ఎంట్రీ ఫీజు ఎలాగో కట్టేస్తాం. అసలు భారమంతా వేరే రాష్ట్రాల్లో జరిగే ర్యాంకింగ్ టోర్నీలకు వెళ్ళి రావడమే. పిల్లతో పాటు ఇంట్లోంచి ఒకరు వెళ్ళాలి, రైలు టికెట్లు, లాడ్జి, భోజనాలు. క్వాలిఫయింగ్‌లో మొదటిరోజే ఓడిపోయినా ఖర్చు తగ్గదు. ఇక ఫెదర్ షటిల్స్ సంగతి చెప్పక్కర్లేదు, నాలుగు గట్టి స్మాష్‌లు పడితే ఈక విరిగి పక్కన పడేయాల్సిందే.

కేంద్ర ప్రభుత్వ క్రీడా పథకం ఖేలో ఇండియాకు ఎంపికైతే ఏడాదికి 6.28 లక్షల సాయం ఉంటుంది, అందులో నెలకు 10 వేలు చేతికే ఇస్తారు. కానీ అక్కడిదాకా చేరాలంటే ముందు ఈ టోర్నీలు ఆడాలి కదా! ఆ మధ్యకాలం మీరెలా నెట్టుకొచ్చారు? క్రీడాకారులకు రైలు రాయితీ ఇప్పుడు ఇస్తున్నారా? చిన్న ఊళ్ళో స్పాన్సర్‌ను అడగాలంటే ఏ కాగితాలు చూపించాలి? డబ్బుల కోసం పిల్ల ఆట ఆపించడం నాకు అస్సలు ఇష్టం లేదు. తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి.