ముంపు మండలాలకు వరద సాయం: సరుకులు పంపాలా, డబ్బు పంపాలా?

చర్చ ప్రారంభించిన సభ్యుడు:

2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరింది. 1986 ఆగస్టు నాటి 75.6 అడుగుల తరువాత అంత నీరు రావడం అదే. పోలవరం ప్రాజెక్టు ముంపు ప్రాంతంలోని చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం, ఎటపాక మండలాల్లో ఊళ్లకు ఊళ్లు మునిగాయి. అప్పుడు హైదరాబాదులోని మేము కొందరం బియ్యం, దుప్పట్లు, బట్టలతో ఒక లారీ నింపి పంపాము. ఇకమీదట సరుకులు మాని, నేరుగా కుటుంబాలకు డబ్బే పంపాలని మాలో కొందరు వాదిస్తున్నారు. ఆ ప్రాంతం తెలిసినవారు తమ అభిప్రాయం చెప్పగలరు.

మొదటి జవాబు:

డబ్బే పంపాలి. ఒకరికి వంట గిన్నెలు కొట్టుకుపోతే, మరొకరికి మేకలు పోతాయి, ఇంకొకరికి విత్తనాల కోసం చేసిన అప్పు మాత్రమే మిగులుతుంది. ఇన్ని రకాల నష్టాలకు ఒకే మూట కట్టి పంపితే ఎవరికీ సరిపోదు. పైగా ఆ వరదకు తెలంగాణ ప్రభుత్వం కుటుంబానికి 10,000 రూపాయలు ప్రకటించగా, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2,000 రూపాయలు ప్రకటించింది. ఎటపాక వైపు ఊళ్లను ముంచినదీ భద్రాచలాన్ని ముంచినదీ ఒకే నీరు. 2014లో ఈ మండలాలు ఆంధ్రప్రదేశ్‌లోకి మారినందువల్ల సరిహద్దుకు ఆంధ్ర వైపున్న కుటుంబానికి దక్కే సాయం ఐదో వంతైంది. దాతలు ముందుగా పూడ్చవలసింది ఆ లోటునే.

రెండవ జవాబు (కూనవరం ప్రాంతంలో కొన్నేళ్లు పనిచేసిన ఉపాధ్యాయురాలు):

పై సభ్యులు చెప్పిన లోటు నిజమే, అది తలచుకుంటే నాకూ బాధే. అయితే ఆ డబ్బు ఏ రోజున చేతికి అందితే పనికివస్తుందో కూడా ఆలోచించాలి. శబరి కూనవరం వద్ద గోదావరిలో కలుస్తుంది. గోదావరి పోటు మీద ఉన్నప్పుడు శబరి నీటికి పోయే దారి లేక వెనక్కి ఎగదన్నుతుంది. ఆ నీరు వాగుల్లోకి ఎక్కి కల్వర్టులను ముంచేయడంతో, ఇళ్లలోకి నీరు రాకముందే చాలా ఊళ్లకు బయటి ప్రపంచంతో దారి తెగిపోతుంది. జనం పిల్లలతో, మేకలతో కొండవాలుకు చేరి టార్పాలిన్ పట్టాల కింద తలదాచుకుంటారు. ఆ రోజుల్లో సంత జరగదు, కరెంటు ఉండదు, సెల్ టవరు పనిచేయదు. ఖాతాలో డబ్బు పడినా, వేలిముద్ర వేయించుకొని నోట్లు ఇచ్చే మనిషి దగ్గరకు వెళ్లాలంటే పడవ కావాలి.

అటువంటి పది రోజులు గడవాలంటే బియ్యం, పప్పు, ఉప్పు, కారం, చింతపండు, టార్పాలిన్ పట్టా, మంచినీళ్లు, టార్చిలైటు, దోమతెర దగ్గర ఉండాలి. వరద తీసిన తరువాత ఏజెన్సీలో మలేరియా ఎలా పెరుగుతుందో చూసినదాన్ని కనుక, దోమతెర సంగతి ప్రత్యేకంగా చెబుతున్నాను. బట్టల విషయానికి వస్తే, నేను చూసిన ఒక శిబిరం బయట పాత బట్టలు వానలో నానుతూ కుప్పగా మిగిలిపోయాయి. పంపినవారి మనసు మంచిదే, కానీ పంపేముందు ఎవరినీ అడగలేదు. కోయ, కొండరెడ్డి కుటుంబాలకు ఏమి అవసరమో ఆ ఊరి ఆశా కార్యకర్త చెప్పగలదు, అయితే సిగ్నలు ఉన్నప్పుడే ఆమెను అడగాలి. భద్రాచలం వద్ద మొదటి ప్రమాద హెచ్చరిక 43 అడుగులకు, రెండవది 48కి, మూడవది 53కి ఇస్తారు. మూడవ హెచ్చరిక విన్నాక లారీ బయలుదేరితే అది చేరేది రోడ్డు తెగిన చోటికే. అందుకే జూన్‌లోనే ఊరివారిని అడిగి, వారు చూపిన మెరక మీది బడిలోనో అంగన్‌వాడీలోనో సరుకులు నిలవ చేయాలని నా గట్టి అభిప్రాయం.

మొదటి జవాబు ఇచ్చిన సభ్యుడు:

టీచరు గారూ, రోడ్డు తెగిన రోజుల సంగతి ఒప్పుకుంటున్నాను. అయినా జూన్‌లో అడిగితే ఎవరు ఇస్తారు? టీవీలో నీళ్లు కనిపించినప్పుడే చందాలు వస్తాయి. ఇంకొక మాట. పోలవరం ప్రాజెక్టులో మునిగే ఊళ్ల పునరావాసానికి 41.15 మీటర్ల కాంటూరు (సముద్రమట్టం నుండి ఆ ఎత్తు) వరకే మొదటి దశ అన్నారు. ఆ లెక్కలోకి రాని ఊళ్లలోకి కూడా 2022లో నీరు వచ్చింది. జాబితాలో లేని ఊరు మునిగితే ఆ కుటుంబాల పేర్లు ఎవరు రాస్తారు?

ఉపాధ్యాయురాలు:

పేర్లు గ్రామసభలో అందరి ముందు రాయాలి, డబ్బు ఇంటి ఆడవారి పేరున ఇవ్వాలి. నీరు తీసి సంత మళ్లీ మొదలైన వారం నుండి మీరు చెప్పినట్లు నగదే ఇవ్వాలి, ఎందుకంటే మళ్లీ విత్తనం చల్లడానికి, గోడ లేపడానికి బియ్యం మూట పనికిరాదు. చందాల విషయంలో నాకు తోచిన దారి ఒకటే. జూలైలో వచ్చిన మొత్తంలో సగం వచ్చే జూన్ కోసం దాచుతామని దాతలకు మొదటి రోజే చెప్పి తీసుకోవాలి. అలా చెబితే ఇచ్చేవారు కొందరు తగ్గవచ్చు. తగ్గినా సరే, మిగిలినవారి డబ్బుతో పది ఊళ్లకు సరిపడా పట్టాలు, దోమతెరలు ముందే చేరితే నేను దానినే ఎంచుకుంటాను.