ఫైలేరియా మాత్రలు: అవతలి పేటవాళ్లు ఇస్తే ఎందుకు మింగరు?

ప్రశ్న: కోనసీమ ఊళ్లలో ఫైలేరియా మాత్రలు అవతలి పేట మనిషి ఇస్తే పుచ్చుకుంటారు గానీ మింగరు. రెండు పేటలవాళ్లనీ జంటగా తిప్పితే సరిపోతుందా?

జవాబు 1: ఊరికే జతకడితే చాలదండి. వేరు వర్గాలవాళ్లు కలిస్తే ఒకరిపై ఒకరికి విముఖత తగ్గడానికి మనస్తత్వవేత్త ఆల్‌పోర్ట్ 1954లోనే నాలుగు షరతులు చెప్పాడు: సమాన హోదా, ఉమ్మడి లక్ష్యం, సహకారం, పైవాళ్ల మద్దతు. ఒకరు రిజిస్టరు రాస్తూ రెండోవారు సంచి మోస్తే మొదటి షరతే పోయింది. వీధి మారినప్పుడల్లా పనులు మార్చుకోవాలి. 2006లో పెటిగ్రూ, ట్రాప్ అనే పరిశోధకులు 515 అధ్యయనాలు కలిపి చూస్తే, షరతులన్నీ లేకున్నా పరిచయంతో విముఖత తగ్గింది; ఉంటే ఇంకా తగ్గింది. అయితే అక్కడ కొలిచింది విముఖతని, మాత్ర మింగడాన్ని కాదు.

జవాబు 2: సగం గొడవ మందుదే. ఫైలేరియాకి ఇచ్చే డీఈసీ మాత్ర పరగడుపున వేస్తే వికారం. ఒంట్లో పురుగులు చస్తే జ్వరం, తలనొప్పి. ముందే చెప్పకపోతే నింద ‘వాళ్లు’ ఇచ్చిన మాత్ర మీదికి పోతుంది. అన్నం తిన్నాక, ఎదురుగా మింగించాలి. రెండేళ్లలోపు పిల్లలకి, గర్భిణులకి, జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్లకి వద్దు.

ప్రశ్న వేసినవారు: ఫలితం ఎలా కొలవాలి?

జవాబు 1: పంచినవి కాదు, మింగినవి లెక్కపెట్టండి. ఏ వీధికి ఒకే పేట జంటో, ఏ వీధికి రెండు పేటల మిశ్రమ జంటో చీటీలు తీసి తేల్చండి. మీరే ఎంచితే నెమ్మదైన వీధులే మిశ్రమ జంటకి పడతాయి. తర్వాత అడగడానికి పంచినవాళ్లనే పంపారో, అందరూ ‘మింగేశామండి’ అనే అంటారు.