78 ఏళ్ల అమ్మగారికి డి-డైమర్ 720: స్కాన్ తప్పదా?

ప్రశ్న: మా అమ్మగారికి 78 ఏళ్లు. హెల్త్ చెకప్ ప్యాకేజీలో భాగంగా చేసిన రక్తపరీక్షలో డి-డైమర్ 720 అని, పక్కనే పైకి చూపే బాణం గుర్తుతో వచ్చింది. పరిమితి 500 అని ముద్రించి ఉంది. ఆయాసం, ఛాతీ నొప్పి, కాళ్ల వాపు ఏవీ లేవు. పది రోజుల క్రితం బాత్‌రూమ్‌లో జారిపడడంతో తొడ మీద అరచేయంత మేర కమిలింది. వెంటనే స్కాన్ చేయించాలా?

జవాబు 1: గడ్డకట్టిన రక్తంలోని ఫైబ్రిన్ పోగులను శరీరం కరిగించినప్పుడు మిగిలే తునకే డి-డైమర్. వయసుతో పాటు ఇది పెరుగుతుంది. ఇన్ఫెక్షన్, క్యాన్సర్, ఆపరేషన్, చివరకు మీరు చెప్పిన కమిలిన గాయం కూడా దీనిని పెంచగలవు. అందుకే ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డ ఉందేమోనని అనుమానించినప్పుడు, 50 దాటిన వారికి వయసును పదితో గుణించి హద్దుగా తీసుకునే పద్ధతి ఉంది. 2014లో వెలువడిన అడ్జస్ట్-పీఈ అధ్యయనం దీనిని బలపరిచింది. ఆ లెక్కన అమ్మగారి హద్దు 780. అయితే గడ్డ ఉండే అవకాశం ఎక్కువగా లేదని వైద్యులు లక్షణాలను బట్టి నిర్ధారించుకున్న తరువాతే ఈ లెక్క పనికివస్తుంది. గడ్డ లేదని చెప్పడానికే ఈ పరీక్ష ఎక్కువగా ఉపయోగపడుతుంది, ఉందని చెప్పడానికి కాదు. లక్షణాలే లేనివారికి దీనిని ప్యాకేజీలో చేర్చడం, నా దృష్టిలో, అనవసరపు కంగారును డబ్బిచ్చి కొనుక్కోవడమే.

జవాబు 2: ముందుగా యూనిట్ చూడండి. ఈ అంకెను డీడీయూ (డి-డైమర్ యూనిట్లు), ఎఫ్‌ఈయూ (ఫైబ్రినోజెన్ ఈక్వివలెంట్ యూనిట్లు) అని రెండు కొలతల్లో ఇస్తారు. 74 ఏళ్ల మా నాన్నగారికి పిక్క వాచినప్పుడు 460 వస్తే, 500 లోపే కదా అని మేము ఊరుకున్నాము. తీరా అది డీడీయూ లెక్క. ఎఫ్‌ఈయూలో దాదాపు దానికి రెట్టింపు. డీడీయూ అయితే వయసును అయిదుతోనే గుణించాలి, అంటే ఆయన హద్దు 370. తరువాత డాప్లర్ స్కాన్‌లో గడ్డ బయటపడింది.

జవాబు 3: రక్తం పలచబరిచే మందులు వాడుతున్నవారిలో ఈ అంకె తగ్గి కనబడవచ్చు కనుక ఆ సంగతి వైద్యులకు తప్పక చెప్పండి. ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, ఒక కాలే వాచినా అంకెతో నిమిత్తం లేకుండా ఆసుపత్రికి వెళ్లవలసిందే.

ప్రశ్న అడిగినవారు: రిపోర్టు అడుగున చిన్న అక్షరాలలో నానోగ్రామ్/మి.లీ., ఎఫ్‌ఈయూ అనే ఉన్నదండీ. అమ్మగారు అటువంటి మందులేవీ వాడడం లేదు. రేపు మా వైద్యులకు రిపోర్టుతో పాటు ఆ కమిలిన చోటు కూడా చూపిస్తాను.